వానాకాలంలో మండలం పంటను, వానను వారం వారం ఎలా గమనించాలి

జూలై మొదటి వారంలో ‘జిల్లాలో వర్షపాతం సాధారణం’ అని పత్రికలో చదివిన రోజునే, అదే జిల్లా పత్తి రైతు రెండోసారి గింజల కోసం విత్తనాల దుకాణం ముందు నిలబడి ఉండటం నల్లగొండ ప్రాంతంలో నేను ఒకటికి నాలుగుసార్లు చూశాను. పత్రికలో వచ్చిన లెక్క తప్పు కాదు, రైతు పడ్డ కష్టమూ కల్పన కాదు. జిల్లా మొత్తానికీ నెల మొత్తానికీ తీసిన సగటు, ఒక ఊరి చెలకలో (తేలిక ఎర్ర నేలలో) ఒక వారంపాటు ఏం జరిగిందో చెప్పలేదు, అంతే. రైతు ఉత్పత్తిదారుల సంఘం నడిపేవారు, ఎరువులు విత్తనాల నిల్వ చూసుకునేవారు, జిన్నింగు మిల్లుకో రైసు మిల్లుకో సరుకు అంచనా వేసేవారు, మండల విలేకరులు, తమ ఊరి సంగతి తామే తెలుసుకోవాలనుకునే రైతులు జూన్ నుంచి నవంబరు దాకా ఒకటి రెండు మండలాల మీద కన్ను వేసి ఉంచడానికి నేను పాటించే పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. దీనికి కావలసినవి ఒక నోటు పుస్తకం, ఒక వర్షమాపకం, ఒక గడ్డపార, ఒక ఫోను, వారానికి ఒక పూట తిరిగే ఓపిక. ఉదాహరణలు నల్లగొండవే అయినా, నేలలనూ నీటి వనరులనూ మార్చుకుంటే ఇది అనంతపురానికీ ఆదిలాబాద్‌కూ పనికివస్తుంది.

మొదట ప్రాంతాన్ని ముక్కలు చేసుకోండి

నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు చెలకల్లో వాన మీదనే ఆధారపడిన పత్తి, కంది ఉంటాయి. మిర్యాలగూడ, హాలియా వైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి ఉంటుంది. ఆగస్టులో ఇరవై రోజులు చినుకు లేకపోతే దేవరకొండలో పైరు వాడిపోతుంది, కాలువ పారుతున్నంత కాలం మిర్యాలగూడలో ఎవరికీ ఆ సంగతి పట్టదు. ఈ రెండింటినీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఏ ఊరికీ చెందదు. అందువల్ల గమనించాల్సిన ప్రాంతాన్ని మండలాల హద్దుల ప్రకారం కాకుండా, నేలను బట్టి, నీటిని బట్టి విడగొట్టండి. వాన మీద ఆధారపడిన చెలకలు, వాన మీద ఆధారపడిన నల్లరేగడి, బోర్ల కింద పొలాలు, చెరువు కింద పొలాలు, కాలువ ఆయకట్టు అన్న ఐదు రకాలు సాధారణంగా సరిపోతాయి. మీ మండలంలో వీటిలో మూడే ఉంటే మూడే రాసుకోండి.

ప్రతి రకంలోనూ రెండేసి పొలాలు ఎంచుకోండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, రోడ్డు పక్కన కనిపించే పొలాన్నో, మంచి రైతుగా పేరున్నవారి పొలాన్నో ఎంచుకోవడం. రోడ్డు పక్క పొలానికి ఎరువూ నీరూ శ్రద్ధా ఎక్కువ అందుతాయి, ఊరి చివర గుట్ట కింద ఉన్న పొలం పరిస్థితిని అది చెప్పదు. కనీసం సగం పొలాలు బండి ఆపి గెట్ల మీద నడిచి వెళ్లవలసినంత లోపల ఉండాలి. ఎంచుకున్న పొలాలను సీజను మధ్యలో మార్చవద్దు, పంట పాడైనా సరే. పాడైన పొలాన్ని పక్కన పెట్టి బాగున్నదాన్ని చేర్చుకుంటూ పోతే, చివరికి పుస్తకంలో మండలం పచ్చగానే ఉంటుంది.

మీ సొంత వర్షమాపకం పెట్టుకోండి

ప్రభుత్వ లెక్కలు ఎన్ని ఉన్నా, మీ చేతితో కొలిచిన వాన ఒకటి ఉండాలి. అది లేకపోతే మిగతా అంకెలు నమ్మదగినవో కావో తెలుసుకునే దారి ఉండదు. బజారులో వర్షమాపకం దొరకకపోతే ఇలా చేసుకోవచ్చు. నోటి వ్యాసం సరిగ్గా 16 సెంటీమీటర్లున్న గరాటు తీసుకోండి. దాని నోటి వైశాల్యం దాదాపు 201 చదరపు సెంటీమీటర్లు అవుతుంది కనుక, అందులో పడిన ప్రతి 20 మిల్లీలీటర్ల నీరు 1 మిల్లీమీటరు వానకు సమానం. గరాటును 5 లీటర్ల డబ్బా మూతికి బిగించి, డబ్బాను నేలలో సగం పాతిపెట్టండి. మందుల దుకాణంలో దొరికే కొలత గ్లాసుతో ప్రతి ఉదయం నీళ్లు కొలిచి 20తో భాగిస్తే వాన ఎంతో వస్తుంది. 5 లీటర్ల డబ్బా 250 మిల్లీమీటర్ల వరకు పట్టుకుంటుంది, మనకు అది చాలు. అయితే 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఆ రోజు ఈ గరాటు అక్కడ ఉండి ఉంటే దాదాపు 13 లీటర్ల నీళ్లు దిగి, డబ్బా రెండున్నర సార్లు నిండేది. పెద్ద వాన హెచ్చరిక ఉన్న రాత్రి మధ్యలో ఒకసారి లేచి కొలిచి పారబోయడం మంచిది.

గరాటు పెట్టే చోటు ముఖ్యం. చెట్టుకో గోడకో దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో, నేల నుంచి ఒక అడుగు ఎత్తులో గరాటు అంచు ఉండేలా పెట్టండి. మిద్దె మీద పెట్టకండి, అక్కడ గాలి వానను పక్కకు తోసేస్తుంది. కొలవడం ప్రతిరోజూ ఉదయం 8.30కే జరగాలి. వాతావరణ శాఖ కూడా అంతకుముందు 24 గంటల వానను ఆ వేళకే లెక్కిస్తుంది కనుక, మీ అంకె వారి అంకెతో పోల్చడానికి వీలవుతుంది. 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి కురిసిన రోజునే ‘వాన రోజు’గా లెక్కపెట్టండి. నెలలో ఎంత కురిసిందన్నదానితో పాటు ఎన్ని వాన రోజులు వచ్చాయన్నది తప్పకుండా రాయాలి. 120 మిల్లీమీటర్లు పది రోజుల్లో కురవడమూ ఒక్క రాత్రిలో కురవడమూ పైరుకు ఒకటి కావు.

అధికారిక లెక్కలను ఎలా చదవాలి

తెలంగాణలో రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సంఘం ఆధ్వర్యంలో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలు పనిచేస్తున్నాయి. మండలంవారీ వాన వివరాలు ప్రతిరోజూ ఆ సంఘం వెబ్‌సైటులో దొరుకుతాయి. వారపు లెక్కకు భారత వాతావరణ శాఖ గురువారం నుంచి బుధవారం దాకా ఒక వారంగా తీసుకుంటుంది. మీ పుస్తకంలోనూ అలాగే పెట్టుకుంటే తర్వాత తలనొప్పి ఉండదు.

సాధారణం నుంచి తేడాను శాతంలో చెప్పేటప్పుడు శాఖ వాడే మాటలకు కచ్చితమైన హద్దులున్నాయి. సాధారణం కంటే 19 శాతం తక్కువ మొదలుకొని 19 శాతం ఎక్కువ వరకు ‘సాధారణం’ అంటారు. 20 నుంచి 59 శాతం తక్కువైతే ‘లోటు’, 60 నుంచి 99 శాతం తక్కువైతే ‘తీవ్ర లోటు’. 20 నుంచి 59 శాతం ఎక్కువైతే ‘అధికం’, 60 శాతం దాటితే ‘అత్యధికం’. అంటే 18 శాతం తక్కువ కురిసిన మండలం కూడా పటంలో సాధారణం రంగులోనే ఉంటుంది. రంగు చూసి ఊరుకోకుండా శాతం చూడాలని చెప్పేది ఇందుకే.

అంతకంటే పెద్ద చిక్కు మొత్తాలతో వస్తుంది. ఊహాత్మకమైన ఒక మండలాన్ని తీసుకుందాం. జూన్ 1 నుంచి జూలై 31 వరకు అక్కడ కురవాల్సింది 250 మిల్లీమీటర్లు, కురిసింది 270. పత్రంలో 8 శాతం అదనం అని వస్తుంది. ఇప్పుడు వారం వారం లెక్క తీయండి. జూన్ మొదటి పదిహేను రోజుల్లో 68, జూన్ 20 నుంచి జూలై 20 వరకు 22, జూలై చివరి వారంలో మూడు రోజుల్లోనే 180 కురిశాయని తేలితే, ఆ 8 శాతం అదనానికి పైరు వైపు నుంచి ఏ అర్థమూ ఉండదు. మొదటి వానకు మొలిచింది నెల రోజుల వరపుకు మాడింది, తట్టుకుని మిగిలింది చివరి వానకు నీట మునిగింది. అందుకే నా పుస్తకంలో పేజీ ఎడమవైపు వారం వాన, కుడివైపు వరుసగా ఎన్ని రోజులు వాన రోజు లేకుండా గడిచిందన్న లెక్క ఉంటాయి. కుడివైపు అంకె 10 దాటిందంటే చెలకలకూ, 15 దాటిందంటే రేగడికీ వెళ్లాలని గుర్తు. ఇవి నేను అనుభవంతో పెట్టుకున్న హద్దులు, మీ నేలను బట్టి మార్చుకోండి. కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన కరవు నియమావళి కూడా మొత్తం వాన మీదనే ఆగకుండా, సాధారణంలో సగానికంటే తక్కువ కురిసిన వారాలు వరుసగా మూడు నాలుగు వస్తే దాన్ని వరపుగా గుర్తిస్తుంది.

పదును చూడటం

వాన మిల్లీమీటర్లు నేల పైభాగపు లెక్క మాత్రమే. విత్తనం ఉండేది నేలలో కనుక పదును, అంటే నేలలోని తడి, చూడనిదే విత్తకూడదు. అదే అంగుళం వాన చెలకలో లోతుకు దిగి త్వరగా ఆరిపోతుంది, నల్లరేగడిలో పైపైనే ఆగి ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఎకరానికి 1 మిల్లీమీటరు అంటే 4,047 లీటర్ల నీరు. అంత నీరూ నేలలోకే వెళ్లిందా, వాలు వెంట వాగులోకి పోయిందా అన్నది గడ్డపారతోనే తెలుస్తుంది. వాన వెలిసిన మర్నాడు ఒక జానెడు లోతు గుంత తవ్వండి. తడి ఎక్కడ ఆగి పొడి ఎక్కడ మొదలైందో రంగు తేడాలోనే కనిపిస్తుంది. అడుగు మట్టిని పిడికిట బిగించి, నడుము ఎత్తు నుంచి వదలండి. ముద్ద కట్టి, కిందపడ్డాక రెండు మూడు ముక్కలైతే విత్తన పదును ఉన్నట్టు. ముద్దే కట్టకపోతే లేనట్టు. కిందపడ్డా అలాగే అతుక్కుని ఉంటే ఇంకా ఒకటి రెండు రోజులు ఆరాలి.

పత్తికి తేలిక నేలల్లో 50 నుంచి 60, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన కురిశాకే విత్తాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. ఈ అంకె నాకూ బాగా తెలుసు, తెలిసీ తప్పు చేశాను. కొన్నేళ్ల క్రితం జూన్‌లో మండల కేంద్రంలోని యంత్రం వారంలో 62 మిల్లీమీటర్లు చూపిస్తే, చెలకలకు అది చాలని ఒక రైతు బృందానికి చెప్పాను. యంత్రం ఉన్నది గుట్టకు ఇటువైపు. అటువైపున్న మూడు ఊళ్లలో ఆ వారం పడింది 18 మిల్లీమీటర్లేనని, పదిహేను రోజుల తర్వాత ఒక రైతు ఇంటి వెనక డబ్బాలో కొలుచుకున్న లెక్క చూపిస్తే తెలిసింది. అప్పటికే మొలకెత్తీ ఎత్తని గింజ మట్టిలో మాడిపోయింది. 475 గ్రాముల బీజీ-2 (జన్యుమార్పిడి రకం) పత్తి ప్యాకెట్ ధర 2025లో 901 రూపాయలు. ఎకరానికి రెండు ప్యాకెట్లు వేసేవారికి మళ్లీ విత్తడమంటే గింజకే 1,800 రూపాయలు, దున్నకం, కూలి అదనం. ఆ రైతు చూపిన డబ్బా తర్వాతే నేను నా వర్షమాపకాలను ఒకటి నుంచి నాలుగుకు పెంచాను.

తొందరపడకూడదనడానికి 2025 మంచి పాఠం. ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు కేరళను మే 24నే, అంటే మామూలు తేదీ జూన్ 1 కంటే వారం ముందే తాకాయి, మే నెల ముగియకముందే తెలంగాణలోకీ ప్రవేశించాయి. తర్వాత మే 29 నుంచి జూన్ మధ్య దాకా ముందుకు కదలలేదు. రుతుపవనాలు ‘వచ్చాయి’ అన్న మాట గాలులూ మేఘాలూ వాన కేంద్రాల లెక్కలను బట్టి చేసే ప్రకటన, మీ పొలంలో పదును ఉందన్న హామీ దానిలో లేదు.

విత్తిన పదిహేను రోజులకు మొలక లెక్క తీయండి. పత్తిలో పది మీటర్ల సాలు కొలిచి, ఎన్ని చోట్ల గింజ పెట్టారో, ఎన్ని మొలిచాయో ఐదు చోట్ల లెక్కపెట్టి సగటు రాయండి. పోగుంటలు (మొలవని చోట మళ్లీ గింజ) ఎంతమంది పెడుతున్నారో, ఎంతమంది మొత్తం చెడగొట్టి మళ్లీ విత్తుతున్నారో కూడా రాయండి. వ్యవసాయ శాఖ ఇచ్చే ‘విత్తిన విస్తీర్ణం’ వేరు, నిలిచిన విస్తీర్ణం వేరు. ఈ రెండో లెక్క మీ పుస్తకంలోనే దొరకాలి.

వానను పైరు దశ పక్కన పెట్టి చదవండి

ఈ పద్ధతికి ప్రాణం ఇక్కడ ఉంది. మధ్య జూన్‌లో విత్తిన పత్తి జూలై నెలాఖరుకు గూడకట్టి (మొగ్గ తొడిగి), ఆగస్టు మధ్యకు పూతకు వస్తుంది, సెప్టెంబరులో కాయ పెరుగుతుంది. జూలైలో పది రోజులు వాన లేకపోతే వేళ్లు లోతుకు దిగుతాయే తప్ప పెద్ద నష్టం లేదు. అదే పది రోజుల వరపు చెలకలో ఆగస్టు చివర వస్తే గూడ, పూత రాలిపోతాయి. వరిలో పిలకల దశలో కొద్దిపాటి ఆరుదల మంచిదే, పొట్ట దశలో మడి ఆరితే తాలు గింజలు పెరుగుతాయి. కంది అక్టోబరు, నవంబరుల్లో పూతకు వస్తుంది కనుక దానికి సెప్టెంబరు చివరి వాన అవసరం, పూత మీద ముసురు పడితే మాత్రం మరుకా మచ్చల పురుగు గూళ్లు కట్టుకుంటుంది.

ఈ సంగతిని మన పెద్దలు కార్తెల లెక్కలో పెట్టుకున్నారు. కార్తెలు సూర్యుని గమనాన్ని బట్టి వస్తాయి కాబట్టి ఏటా ఇంచుమించు ఒకే తేదీల్లో ఉంటాయి. మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర 22 ప్రాంతంలో, మఖ ఆగస్టు 17 ప్రాంతంలో, పుబ్బ నెలాఖరున, ఉత్తర సెప్టెంబరు 13 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. ‘మఖ పుబ్బలు వరపైతే మహా కాటకం’ అన్న సామెత సరిగ్గా పూత, పొట్ట దశల మీదనే వేలు పెట్టి చూపిస్తుంది. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అంటే అప్పటికీ వాన పడకపోతే పొట్ట చేతపట్టుకుని ఊరు విడవమనడమే. కార్తెలు రాబోయే వానను చెబుతాయని నేను నమ్మను. కానీ పొలంలో రైతుతో మాట్లాడేటప్పుడు ‘ఫలానా నంబరు వాతావరణ వారం’ అనేకంటే ‘మఖ రెండో వారం’ అంటే పని సులువవుతుంది, ఆయన గుర్తు తెచ్చుకునే నాలుగేళ్ల కిందటి వాన కూడా ఆ పేరుతోనే గుర్తుంటుంది. అందువల్ల పేజీ పైన తేదీతో పాటు కార్తె పేరూ రాస్తాను.

బెట్టను (పైరుకు నీరు చాలని స్థితిని) గుర్తించడానికి పొలానికి రెండు వేళల్లో వెళ్లాలి. మధ్యాహ్నం పత్తి ఆకు వాలడం మామూలే. సాయంత్రానికి తేరుకుంటే మరో మూడు నాలుగు రోజులు చూడవచ్చు. తెల్లవారి మంచు ఆరకముందే ఆకు వాలి ఉందంటే ఆ పొలం పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. మరో సంగతి: దీర్ఘకాలం ఎండి ఉన్న పత్తి మీద ఒక్కసారిగా పెద్ద వాన పడితే, ఒకటి రెండు రోజుల్లో అక్కడక్కడా మొక్కలు ఉన్నట్టుండి వడలిపోతాయి. తెగులనుకుని రైతులు కంగారుపడతారు గానీ, చాలాసార్లు అది వేళ్లకు గాలి ఆడకపోవడం వల్ల వచ్చేదే. ఎన్ని మొక్కలు వడలాయో లెక్కపెట్టి రాసి, నీరు బయటకు పోయే కాలువ ఉందో లేదో చూడండి.

పురుగుల లెక్క

పురుగులను ‘ఉన్నాయి’, ‘బాగా ఉన్నాయి’ అని రాయకూడదు, అంకె రాయాలి. పత్తి విత్తిన 45 రోజుల నుంచి ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) పెట్టించి, ప్రతి ఉదయం అందులో పడ్డ గులాబీ రంగు పురుగు రెక్కల పురుగులను లెక్కించమనండి. బుట్టకు 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే చర్య తీసుకోవాల్సిన స్థాయి దాటినట్టు. విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డి పూలు నూటికి పది కనిపించినా అంతే. వరిలో సుడిదోమను ఆకుల మీద వెతికితే దొరకదు. దుబ్బును పక్కకు వంచి నీటి మట్టానికి దగ్గరగా చూడాలి, లేదా దుబ్బును చేత్తో తట్టి నీటిలో రాలినవాటిని లెక్కపెట్టాలి. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక తర్వాత 20 నుంచి 25 వరకు ఉంటే మందు అవసరం వస్తుంది. పొలం సుడులు సుడులుగా ఎండి గెట్టు మీది నుంచి కనిపించే నాటికి ఆలస్యమైనట్టే. రాత్రి చలి, తెల్లవారి మంచు కొనసాగే అక్టోబరులో ఆకుల మీద నూలు కండె ఆకారపు మచ్చలు కనిపిస్తే అగ్గి తెగులు మొదలైనట్టు రాసుకోండి.

ఉపగ్రహ చిత్రాలు ఎంతవరకు

హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం నడిపే భువన్ వెబ్‌సైటులోనూ, ఐరోపా వారి సెంటినెల్ చిత్రాల్లోనూ పచ్చదనం సూచికను ఉచితంగా చూడవచ్చు. సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో చుక్క 10 మీటర్ల చదరం, అంటే ఎకరంలో నలభై చుక్కలు వస్తాయి. వినడానికి బాగానే ఉంది. కానీ ఇది మామూలు కాంతితో తీసే ఫోటో కనుక, మనకు చిత్రం అవసరమైన జూలై, ఆగస్టుల్లోనే మబ్బు అడ్డం వస్తుంది. మబ్బును దాటి చూడగల రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1. నీరు నిలిచిన మడి అందులో నల్లగా కనిపిస్తుంది కనుక నాట్లు ఎక్కడిదాకా వచ్చాయో, వరదనీరు ఎంతమేర నిలిచిందో తెలుసుకోవడానికి అది బాగా పనికివస్తుంది.

పచ్చదనం సూచికను చదివేటప్పుడు రెండు మోసాలు గుర్తుంచుకోండి. మొదటిది, వానకూ పచ్చదనానికీ మధ్య రెండు మూడు వారాల ఎడం ఉంటుంది. ఇవాళ్టి చిత్రం పోయిన నెల వానను చూపిస్తుంది. రెండోది, ఉపగ్రహానికి పత్తీ ఒకటే, వయ్యారిభామా ఒకటే. విత్తకుండా బీడు పడిన చెలకలో గరిక, సర్కారు తుమ్మ చిగురిస్తే అక్కడ పంట బ్రహ్మాండంగా ఉన్నట్టు చిత్రం చెబుతుంది. నేను చిత్రాలను ఒక్క పనికే వాడతాను: గత ఏడాది ఇదే వారంతో పోల్చి ఎక్కడ తేడా ఎక్కువగా ఉందో చూసి, ఆ వారం ఆ ఊరికి వెళతాను.

ఆయకట్టు ఉంటే ఎగువ చూడండి

సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే ఊళ్లకు సొంత వాన కంటే ఎగువ వాన ముఖ్యం. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం వైపు కొండల్లో కురిసింది ఆలమట్టికి, నారాయణపూర్‌కు, జూరాలకు వచ్చి, తుంగభద్ర నీటితో కలిసి శ్రీశైలం చేరుతుంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులకు దగ్గరయ్యాకే కిందికి భారీగా వదులుతారు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. వారానికి ఒకసారి ఈ మట్టాలు, వచ్చే నీరు, పోయే నీరు రాసుకుంటే, కాలువకు నీరు ఎప్పుడు వదులుతారన్న ప్రకటనకు ముందే నారుమళ్ల విషయంలో అంచనా కుదురుతుంది. సాగర్ ఇంకా అడుగంటి ఉండగా జూన్‌లోనే 150 రోజుల సాంబ మసూరి నారు పోసినవారికి నీరు ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది, అలాంటి ఏడాది 125 రోజుల తెలంగాణ సోనా వైపు మళ్లే వీలుందా అని జూలై మొదట్లోనే విచారించాలి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినట్టు, ఎగువ నుంచి వచ్చే వార్త ఎప్పుడూ వాన గురించే కానక్కరలేదు.

రేపటి వాన

వాతావరణ శాఖ రైతులకిచ్చే వ్యవసాయ వాతావరణ సూచనలు మంగళ, శుక్రవారాల్లో వస్తాయి, మేఘదూత్ యాప్‌లో తెలుగులో దొరుకుతాయి. వాటిలో వాన ఎంత అన్నదానికంటే ఎన్ని చోట్ల అన్న మాటను జాగ్రత్తగా చదవండి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే నాలుగో వంతుకు మించని కేంద్రాల్లో అని. అంటే మీ ఊళ్లో పడకపోవడానికే అవకాశం ఎక్కువ. ‘దాదాపు అన్ని చోట్ల’ అంటే నాలుగింట మూడు వంతులకు మించిన కేంద్రాల్లో అని. మందు కొట్టడం, ఎరువు వేయడం వంటి పనులను ఈ రెండో మాట కనిపించినప్పుడే వాయిదా వేయమంటాను. ‘భారీ వర్షం’ అంటే రోజుకు 64.5 మిల్లీమీటర్లు మొదలు, ‘అతి భారీ’ 115.6 మొదలు, ‘అత్యంత భారీ’ 204.5 మొదలు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్తకు అందరమూ సంబరపడతాం గానీ, ఒడిశా తీరం నుంచి ఛత్తీస్‌గఢ్ మీదుగా పోయేది ఆదిలాబాద్, ములుగులను తడిపినంతగా దేవరకొండను తడపదు. రుతుపవన ద్రోణి (వానలు తెచ్చే అల్పపీడన పట్టీ) హిమాలయాల పాదాల దగ్గరకు జరిగిందని చదివితే మాత్రం వరపుకు సిద్ధపడాలి. 2023 ఆగస్టు దేశం మొత్తం మీద 1901 నుంచి అతి తక్కువ వాన పడిన ఆగస్టుగా నిలిచింది. పొలం తిరిగేవారి ఫోనులో పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉండాలి, అది మోగితే లెక్క ఆపి ఇంటికి రావాలి.

వారపు నివేదిక ఒక పేజీ దాటకూడదు

ఊహాత్మకమైన ఒక వారం నివేదిక ఇలా ఉంటుంది: ‘ఆగస్టు మూడో వారం, మఖ. నాలుగు మాపకాల్లో 4, 0, 11, 2 మిల్లీమీటర్లు. చెలకల్లో వాన రోజు లేక 16 రోజులు. పత్తి పూత దశలో ఉంది, లోపలి రెండు పొలాల్లో ఉదయం కూడా ఆకు వాలింది, మొక్కకు సగటున మూడు గూడలు రాలాయి. రేగడి పైరు తట్టుకుంటోంది, జానెడు లోతులో ముద్ద కడుతోంది. బోర్ల కింద వరి పిలకల దశ, నీరు వంతుల వారీగా. బుట్టల్లో రెక్కల పురుగులు రోజుకు 2. వచ్చే ఐదు రోజుల సూచన: ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు. శుక్రవారం లోపల వాన రాకపోతే చెలక పత్తి దిగుబడి అంచనా తగ్గించాలి.’ ఇందులో విశేషణాలు లేవని గమనించండి. ‘పంట పరిస్థితి సంతృప్తికరం’ అన్న వాక్యం నా పుస్తకంలో ఎక్కడా ఉండదు, ఎందుకంటే దాన్ని చదివి ఎవరూ ఏమీ చేయలేరు.

పెద్ద వాన, వరద వచ్చినప్పుడు వారం ఆగవద్దు. ఫసల్ బీమా అమలులో ఉన్నచోట ముంపు వంటి స్థానిక నష్టాన్ని 72 గంటల్లోపు తెలియజేయాలి. విపత్తు సహాయ నిధి నుంచి పెట్టుబడి రాయితీ రావాలంటే నష్టం 33 శాతం గానీ అంతకు మించి గానీ ఉండాలి. కనుక నీరు తీసిన రోజునే ఐదు చోట్ల మీటరు చదరంలో నిలిచిన మొక్కలు, పడిపోయిన మొక్కలు లెక్కపెట్టి, తేదీ కనిపించే ఫోటోలతో రాసుకోండి. నీరు ఎన్ని గంటలు నిలిచిందన్నది కూడా అడిగి రాయండి, నాలుగు రోజుల తర్వాత అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు.

చాలామంది సెప్టెంబరు 30న వర్షపాతం లెక్క ముగియగానే మాపకం తీసి అటక మీద పెడతారు. పత్తి చివరి ఏరుడు అయ్యేదాకా దాన్ని తీయవద్దు. చిత్త, స్వాతి కార్తెల్లో పడే 30 మిల్లీమీటర్ల వాన నైరుతి లెక్కలోకి రాదు గానీ, విచ్చి వేలాడుతున్న పత్తిని తడిపి రంగు మార్చేది, కోసి పనల మీద ఉన్న వరిని మొలకెత్తించేది ఆ వానే. ఆ రోజుల్లో మీ మాపకం చూపిన అంకెను ఆ సాయంత్రమే మార్కెట్ యార్డుకు బండి కట్టబోతున్న రైతుకు చెప్పండి, తేమ ఎంత ఉంటుందో అంచనా వేసుకుని బయలుదేరాలో ఆరబెట్టాలో ఆయన నిర్ణయించుకుంటాడు.